రెండువైపులా పోసిన మందు

“కోయించుకోనా, మానుకోనా? ఒక్క ముక్కలో చెప్పు. ఉపన్యాసం వద్దు.”

అడిగింది చెల్లెలు. అడిగిన చోటు ఆమె కుట్టు దుకాణం. ఒక అపార్టుమెంటు కింద, మెట్లకీ జనరేటరు గదికీ మధ్య ఇరుక్కున్న గది అది. రెండు మిషన్లు, కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, మేకులకి వేలాడే సగం కుట్టిన బట్టలు. అక్క బల్ల పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కింద పడ్డ గుండుసూదుల్ని ఏరి డబ్బాలో వేస్తోంది. రొమ్ము క్యాన్సర్ ఎలా మొదలవుతుంది, ఒంట్లో ఎలా పాకుతుంది అన్నదాని మీద పాతికేళ్లకి పైగా పని చేస్తున్న శాస్త్రవేత్త ఆవిడ. ప్రశ్న ఆమెని అడగడానికి కారణం అదే. ఆమె దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేకపోవడానికీ కారణం అదే.

చెల్లెలికి క్యాన్సర్ వచ్చి, ఎడమ రొమ్ము తీసేసి ఐదేళ్లు దాటింది. మందులు పూర్తయ్యాయి, పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. ఇప్పుడు పొట్ట దగ్గర కండ తీసి పైన రొమ్ములా అమర్చే ఆపరేషన్ ఒకటి ఉందని సర్జన్ చెప్పాడు. ప్రాణానికి అక్కర్లేని ఆపరేషన్. చుట్టాలందరూ ఆ మాటే పట్టుకున్నారు. “ప్రాణం దక్కింది చాలదా, ఇంకా ఆ యావ దేనికి?” అన్నారు. అలా అన్నవాళ్లలో ఒక్కరికీ ఒంటి మీద ఏదీ తక్కువ కాలేదు.

చెల్లెలు దర్జీ. పరాయివాళ్ల భుజాలకీ నడుములకీ బట్ట అతికినట్టు కూర్చోబెట్టి డబ్బు తీసుకునే మనిషి. తన ఖాళీని పూడ్చుకోవడానికి తానే దిండ్లు కుట్టుకుంది. ఒకటి దూదితో, ఒకటి స్పాంజితో, ఒకటి బరువు కోసం లోపల సన్న ఇసుక పోసి.

“ఏది పెట్టినా మధ్యాహ్నానికి చంకలోకి చేరుతుందే. మొన్న ఒకావిడకి కొలతలు తీస్తూ వంగితే నా దిండు వెళ్లి ఆవిడ ఒళ్లో పడింది. తీసి చేతికిస్తూ, ‘మీదేనా?’ అంది. ‘కాదండీ, ఎదురింటివాళ్లది’ అన్నాను.”

అక్క నవ్వలేదు. “ఆలోచించి చెప్తాను” అంది.

“నువ్వు ఆలోచించేలోపు నేను ముసలిదాన్ని అయిపోతాను. అప్పుడెలాగూ ఎవరూ చూడరు. ఖర్చు కలిసొస్తుంది.”

అంతగా ఆలోచించాల్సింది ఏముందో చెప్పాలంటే అక్క చేసే పని చెప్పాలి.

సన్మాన సభల్లో ఈవిడ గురించి మాట్లాడేవాళ్లు, తోబుట్టువు బాధ చూసి చలించి ఈ పరిశోధనకి అంకితమైందని చెబుతారు. అబద్ధం. చెల్లెలికి జబ్బు వచ్చేనాటికే ఆవిడ ఈ పనిలో తల పండించుకుంది. క్యాన్సర్‌కి ముందు, రొట్టెల పిండిని పులియబెట్టే ఈస్టు మీద పని చేసేది. ఆ ల్యాబు మూతపడింది. పక్క వరండాలో క్యాన్సర్ ల్యాబులో స్టైపెండు వచ్చే సీటు ఒకటి ఖాళీగా ఉంది. వెళ్లి చేరింది. “ఆ సీటు పళ్ల డాక్టర్ల దగ్గర ఖాళీగా ఉండుంటే ఇవాళ పళ్ల గురించి మాట్లాడేదాన్ని” అని ఆమే వేదిక మీద చెప్పింది ఒకసారి. చప్పట్లు పడలేదు. మరుసటి ఏడాది సభలో మళ్లీ అదే తోబుట్టువు కథ చదివారు.

విద్యార్థులు ఆమెకి పెట్టిన పేరు నిద్ర మేడమ్. దానికి రెండు కారణాలు. ఒకటి, సెమినార్లో లైట్లు ఆర్పిన మరుక్షణం ఆవిడ కళ్లు మూసుకుంటుంది. చివర్లో కళ్లు తెరిచి, వక్త తన లోపాన్ని ఏ మూల దాచిపెట్టాడో సరిగ్గా ఆ మూలనే వేలు పెట్టి అడుగుతుంది. రెండోది, ఆమె పరిశోధన నిద్రపోయే కణాల మీద. రొమ్ములో గడ్డ చేతికి తగిలేనాటికే కొన్ని క్యాన్సర్ కణాలు రక్తంలో పడి బయటికి పోయి ఉండవచ్చు. అలా పోయినవి చాలావరకు దారిలోనే చస్తాయి. కొన్ని మాత్రం ఎముకల మూలుగలోకో ఊపిరితిత్తుల్లోకో చేరి, పెరగకుండా, చావకుండా పడుంటాయి. మందులు ముఖ్యంగా పెరిగే కణాల్ని చంపుతాయి, పడుకున్నదాని జోలికి అంతగా పోవు. అలా పడుకున్నది పదేళ్లు పడుకోవచ్చు. మనిషి వేరే కారణంతో పోయేదాకా లేవకపోనూ వచ్చు. లేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టినట్టే. మరి దాన్ని లేపేదేమిటి? ఆమె ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది.

పని జరిగేది ఎలుకల్లో. సంస్థ నేలమాళిగలో ఎలుకల గది ఉంటుంది. రెండు తలుపులు, చెప్పులకి నీలం తొడుగులు, అరల్లో వరసగా బోనులు, వెచ్చటి రంపపు పొట్టు వాసన. మిణుగురు పురుగుకి వెలుగునిచ్చే గుణాన్ని ముందే క్యాన్సర్ కణాల్లోకి ఎక్కిస్తారు. వాటిని ఎలుక రొమ్ములో పెడతారు. గడ్డ శనగగింజంత కాగానే కోసి తీసేస్తారు. ఆపైన వేచి ఉంటారు. ఈ రంగంలో చాలామందికి అంత ఓపిక ఉండదు. కణాల్ని నేరుగా తోకలోని రక్తనాళంలోకి ఎక్కించి, అవి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే, ‘ఇదిగో పాకింది’ అని రాసేస్తారు. “దొంగని జీపెక్కించి బ్యాంకు లోపల దింపి, తాళం ఎలా తీశాడో కనిపెట్టామంటే ఎలా?” అనేది ఈవిడ. తన ఎలుకల గడ్డలు తానే కోసేది, తానే కుట్టేది, నెలలు ఆగేది. తర్వాత మత్తిచ్చి ఒక్కొక్కదాన్నీ నల్లపెట్టెలో పడుకోబెట్టి ఫోటో తీసేది. కణాలు పడుకుని ఉంటే తెర చీకటి. లేచి పెరుగుతుంటే తొడ ఎముకలోనో వెన్నులోనో ఒక వెలుగు చుక్క.

మొదటి విడతలో ఆమె ఒక చిన్న పని చేసింది. గడ్డలు తీసి, అన్నీ కుదుటపడ్డాక, సగం ఎలుకల వీపు మీద చిన్న గాటు పెట్టి కుట్టింది. మిగతా సగాన్ని వదిలేసింది. కొన్ని వారాలకి గాటు పెట్టినవాటి ఎముకల్లో వెలుగు వచ్చింది. పెట్టనివి చీకటిగానే ఉన్నాయి. ఆమె దానికి చెప్పుకున్న కారణం ఇది: గాయం మాన్పడానికి శరీరం వాపు తెస్తుంది. ఆ హడావిడి గాయం దగ్గరే ఆగదు, రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. ఎక్కడో ఎముకలో పడుకున్న కణాలు ఆ గోలకి లేస్తాయి.

వ్యాసం అచ్చయింది. పిలుపులు వచ్చాయి. సర్జన్లకి మాత్రం ఒళ్లు మండింది. “కత్తులు పక్కన పెట్టి భజన చేసుకోమంటారా మేడమ్?” అన్నాడు ఒకాయన, నిండు సభలో.

ఇంకా పెద్ద సంఖ్యలో ఎలుకలతో రెండో విడత చేసింది. ఏ ఎముకలోనూ చుక్క లేదు. గాటు పెట్టినవీ చీకటే, పెట్టనివీ చీకటే. మళ్లీ చేసింది. మళ్లీ చీకటే. కణాలు మార్చింది, ఎలుకల జాతి మార్చింది, మేత మార్చింది. విద్యార్థుల్ని ఏడిపించింది. రెండేళ్లు గడిచాయి. చివరికి ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండానే, తన మొదటి ఫలితం మళ్లీ రాలేదని, అది బహుశా కాకతాళీయమని తన పేరుతోనే అచ్చు వేయించింది.

విభాగం పెద్దాయన ఆమెని గదిలోకి పిలిచాడు. “నిన్నెవరైనా అడిగారా? కూర్చున్న కొమ్మని నరుక్కుంటారా ఎవరైనా?”

“కొమ్మ లేదని తేలాక దేని మీద కూర్చోమంటారు సార్?”

చెల్లెలు దుకాణంలో ప్రశ్న అడిగింది సరిగ్గా ఆ అచ్చు వెలువడిన రోజుల్లో. అక్క ఆలోచించింది అంటే మొహమాటానికి అన్న మాట కాదు. రెండు విడతల ఫోటోలూ మళ్లీ మొదట్నుంచీ చూసింది. చూసి, ఒక ఆదివారం దుకాణానికి వెళ్లి, “చేయించుకో” అంది.

“ఒక్క ముక్కలో అంటే నిజంగా ఒక్క ముక్కేనా? మరి ఆ గాయం గోలేమైంది? గాటు పెడితే లేస్తాయన్నావుగా?”

“అది తప్పని తేలింది. నేనే రాశాను.”

“ఖాయమా?”

“నాకు తెలిసినంతలో.”

చెల్లెలు టేపు మెళ్లో వేసుకుంది. “నీకు తెలిసినంతకంటే ఎక్కువ తెలిసినవాళ్లు మన చుట్టాల్లో లేరులే. కుట్టు నీటుగా వేయమని ఆ సర్జన్‌కి చెప్పు. వంకరగా వేస్తే విప్పి నేనే వేసుకుంటాను.”

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్టు కూడా నీటుగానే పడింది. చెల్లెలు అద్దం ముందు నిలబడి, దర్జీ కంటితో పరీక్ష చేసి, నూటికి ఎనభై మార్కులు వేసింది. దిండ్లు మూడూ మిషన్ కింద గుడ్డ పేలికల సంచిలోకి పోయాయి. ఆ రోజుల్లో ఆమె దుకాణంలో పాటలు పాడేదని, శ్రుతి లేకపోయినా వినబుద్ధేసేదని ఆమె భర్త ఇప్పటికీ చెబుతాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఎక్కువ మాట్లాడడు.

తర్వాత నడుము నొప్పి మొదలైంది. రోజంతా వంగి కుట్టే మనిషికి నడుము నొప్పి రావడం వింతేమీ కాదు. తప్పంతా స్టూలుదే అంది. భర్త ఒక పాత హోటలు లిఫ్టులోంచి పీకిన ఆపరేటరు సీటు తెచ్చి, దానికి కాళ్లు వెల్డింగు చేయించి ఇచ్చాడు. “పైకా కిందకా అమ్మా?” అని అడిగాడు, ఆమె కూర్చోగానే. ఆమె నవ్వబోయి నడుము పట్టుకుంది. ఆ మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరు స్కాను తెర మీద పెట్టాడు. చీకటి ఒళ్లు, వెన్నులో మూడు చోట్ల వెలుగు, తుంటిలో ఒకటి. అక్క ఆ బొమ్మని తన జీవితంలో కొన్ని వందల సార్లు చూసి ఉంటుంది. ఇంత పెద్ద సైజులో ఎప్పుడూ చూడలేదు.

“ఆపరేషన్ వల్లేనా?” అని చెల్లెలి భర్త అడిగాడు.

“అలా చెప్పలేం” అన్నాడు డాక్టరు. అది నిజం. ఐదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత తిరగబెట్టడం ఏ ఆపరేషనూ లేకుండానే జరుగుతుంటుంది. అక్క కూడా అదే మాట తనకి తాను చెప్పుకుంది. తన రెండో విడత ఎలుకలు కూడా అదే చెప్పాయి కదా అనుకుంది.

మళ్లీ మందులు మొదలయ్యాయి. వార్డులో కిటికీ పక్క మంచం. ఒక సాయంత్రం అక్క వెళ్లేసరికి నర్సు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పోతోంది. చెల్లెలు చెయ్యి రుద్దుకుంటూ అంది:

“ఆపరేషన్ అప్పుడు కూడా ఇదే పొడిచారు. తల దిమ్మెక్కడమే తప్ప వాపు ఇసుమంత తగ్గలేదు. వాపు మాత్ర ఏదైనా ఇవ్వండి బాబూ అంటే, ఊహూఁ, రక్తం పల్చబడుతుంది, అతికించిన కండ కింద కారుతుంది అన్నాడు సర్జన్.” నవ్వు మొహంతో, “ఏమే, కోసి కుట్టాక నీ ఎలుకలకైనా మంచి మందు ఇస్తావా, లేక వాటికీ ఇదే గతా?”

“ఇస్తాం. వాపు తగ్గించేదే. నీళ్లలో కలిపి…” అని మొదలుపెట్టి అక్క ఆగిపోయింది.

“ఏమైంది?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఆ మొహమేంటి? నాకంటే ముందు నువ్వు పోయేలా ఉన్నావు.”

జరిగింది ఇది. మొదటి విడత పాత రోజుల్లోది. అప్పట్లో కోసేటప్పుడు మత్తు ఇచ్చేవాళ్లు, ఆ తర్వాత ఎలుకని దాని ఖర్మకి వదిలేసేవాళ్లు. రెండో విడత నాటికి కొత్త నిబంధన వచ్చింది. కోసిన ప్రతి జంతువుకీ కొన్ని రోజులపాటు నొప్పి మందు ఇవ్వాలి. మంచి నిబంధన. ఎలుకల గదికి బాధ్యుడైన పశువుల డాక్టరు నీళ్ల సీసాల్లో వాపు తగ్గించే మందు కలపడం మొదలుపెట్టాడు. అది ఆమెకి తెలియక కాదు. తెలుసు. ఇంకా చెప్పాలంటే, గాటు పెట్టని ఎలుకలకి కూడా అదే మందు పోయమని చెప్పింది ఆవిడే. “రెండువైపులా సమానంగా ఉండాలి” అంది. ఈ వృత్తిలో మొదటి ఏడాది నేర్పే పాఠం అది. పోల్చే రెండు గుంపుల్లో ఒక్క విషయం తప్ప అన్నీ ఒకేలా ఉండాలి. రెండువైపులా ఒకేలా ఉన్నదాన్ని ఇక పట్టించుకోనక్కర్లేదు, అది కొట్టుకుపోతుంది. ఆ లెక్కన నొప్పి మందు ఆమె కంటికి ప్రయోగంలో భాగం కాదు. పొట్టు మార్చడంలా, లైట్లు ఆర్పడంలా అది గది పని. రెండేళ్లపాటు కణాల్ని అనుమానించింది, మేతని అనుమానించింది, విద్యార్థుల్ని అనుమానించింది. తాను రెండువైపులా సమానంగా పోయించినదాన్ని ఒక్కసారీ అనుమానించలేదు. గాయం తెచ్చే వాపే కణాల్ని లేపుతుందని మొదటి వ్యాసంలో రాసిన మనిషే, ఆ వాపుని నీళ్ల సీసాలతో చల్లార్చి, చూశారా కణాలు లేవలేదు, నా మొదటి మాట తప్పు అని రెండో వ్యాసం రాసింది. తర్వాత ఆ రెండో వ్యాసాన్ని నమ్మి చెల్లెల్ని ఆపరేషన్‌కి పంపింది. చెల్లెలికి ఆ వాపు మందు ఇవ్వలేదు.

తెలివితక్కువవాళ్లు ఇలాంటి తప్పు చేయరు. దీనికి మంచి శిక్షణ కావాలి.

మర్నాడు ఆమె పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి, మూడో విడత చేస్తానంది. గాటు పెట్టిన ఎలుకల్లో సగానికి వాపు మందు, సగానికి అది వద్దు.

“నొప్పితో వదిలేయమంటారా మేడమ్? నా వల్ల కాదు” అన్నాడాయన.

“వదలొద్దు. వాటికి వేరే మందు ఇవ్వండి. నొప్పి తెలియనివ్వదు, వాపు జోలికి పోదు. అలాంటిది.”

“ఉందండీ. ఆస్పత్రుల్లో మనుషులకిచ్చేది.”

“అదే.”

విభాగం పెద్దాయన గ్రాంటు లేదన్నాడు. “మీరే తప్పని రాసి, ఇప్పుడు ఆ తప్పే తప్పంటే ఎవరిస్తారు?” అన్నాడు. మాటలో న్యాయం ఉంది. గ్రాంటు లేకుండానే మొదలుపెట్టింది. కోయడం, కుట్టడం, ఫోటోలు తీయడం అన్నీ తానే.

చెల్లెలికి చెప్పకుండా దాచడం రెండు వారాలకంటే సాగలేదు. వార్డులో ఆ రోజు మొహం చూసిన మనిషి ఊరుకుంటుందా? గుచ్చి గుచ్చి అడిగింది. అక్క అంతా చెప్పింది. చెల్లెలు దుప్పటి అంచు కుట్టు వేలితో తడుముతూ విన్నది. అది యంత్రం కుట్టు, నాసిరకంది.

“అయితే నీ మొదటి లెక్కే రైటు కావచ్చు.”

“కావచ్చు. ఎలుకల్లో.”

“తేలడానికి ఎన్నాళ్లు?”

“నెలలు పడుతుంది.”

“తేలితే నాకు చెప్పు. మంచో చెడో. నన్ను చంటిపిల్లని చేసి నవ్వు మొహం పెట్టుకుని రాకు.”

ఆ నెలల్లో చెల్లెలు ఆస్పత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆస్పత్రికి తిరిగింది. దుకాణం అద్దెకిచ్చేశారు, మిషన్ ఒకటీ లిఫ్టు సీటూ ఇంటికి చేరాయి. పలకరింపుకి వచ్చినవాళ్లు పోరాడు, గెలుస్తావు అనేవాళ్లు. “దేనితో పోరాడను, కత్తెరతోనా?” అనేది. ఒకావిడ రొమ్ము క్యాన్సర్ ప్రచారంలో పంచే గులాబీ రంగు రిబ్బను పిన్ను తెచ్చి జాకెట్టుకి పెట్టబోతే, “ఈ రంగు నాకు నప్పదండీ” అని తీసి పక్కన పెట్టింది. మందులు పని చేసిన వారాలు ఉన్నాయి, చేయని వారాలు ఉన్నాయి. చేయనివి ఎక్కువయ్యాయి.

మూడో విడత ఫలితం వచ్చేసరికి ఆమె మంచం దిగడం మానేసింది.

ఫలితం తేటగా వచ్చింది. వాపు మందు తాగిన ఎలుకలు దాదాపు అన్నీ చీకటి. రెండో రకం మందు తీసుకున్నవాటిలో సగానికి పైగా ఎముకల్లో వెలుగు. నల్లపెట్టె ముందు ఆమె ఒక్కతే ఉంది. శాస్త్రవేత్తలు ఇలాంటప్పుడు ఎగిరి గంతేస్తారని జనం అనుకుంటారు. ఆమె పెట్టె తుడిచి, ఎలుకల్ని బోనుల్లో పెట్టి, బస్సెక్కి చెల్లెలింటికి వెళ్లింది. ఇంకా తేలలేదు అని చెబుదామా అని దారంతా అనుకుంది. అలా అనుకున్నానని ఆమే చెప్పింది.

చెల్లెలు మొహం చూసింది. “తేలిందా?”

“తేలింది.”

“చెప్పు.”

చెప్పింది.

“అంటే ఒక మాత్ర. వాపు మాత్ర. అది వేసుకునుంటే నాకు…”

“తెలీదు. ఎలుకల్లో సరిపోయింది. నీకు సరిపోయేదో లేదో తెలీదు. ఆపరేషన్ లేకపోయినా వచ్చేదేమో, అదీ తెలీదు.”

“తెలీదు, తెలీదు! ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లు చదవాలా? నేను చదవకుండానే చెప్పేదాన్ని కదే!” గొంతు పైకి లేవలేదు, లేచే శక్తి లేదు. “అసలెందుకు చెప్పావు?”

“నువ్వే చెప్పమన్నావు.”

“చెప్పమంటే చెప్పేస్తావా? కోయించుకోనా అంటే చేయించుకోమంటావు, చెప్పమంటే చెప్తావు. కాస్త అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేది? వెళ్లు. నా కళ్లముందు ఉండకు.”

అక్క వంటగదిలోకి వెళ్లి నిలబడింది. కాసేపటికి చెల్లెలి భర్త వచ్చి, ఇవాళ్టికి వెళ్లండి వదినా అన్నాడు.

కొన్నాళ్లు మాటల్లేవు. తర్వాత చెల్లెలే ఫోన్ చేయించింది. క్షమించడానికి కాదు. రాత్రి తొడుక్కునే గౌను వదులైపోయి భుజాల మీంచి జారుతోంది, వచ్చి లోపలికి కుట్టమని. అక్క మిషన్ ముందు కూర్చుంది. దారం ఎక్కించడం రాలేదు. చేత్తో కుట్టింది. కుట్టు ఒకచోట పిగిలింది, ఒకచోట ముడతపడింది.

“ఎలుకల్ని కుట్టి బతికిస్తావు, ఇంత గౌను కుట్టలేవా?” అంది చెల్లెలు.

“ఎలుక చర్మం జారదు.”

“ఎలుకలు డబ్బులిచ్చి కుట్టించుకోవు కాబట్టి ఊరుకుంటున్నాయి. నేనైతే తిరిగిచ్చేసేదాన్ని.” అయినా ఆ గౌనే తొడుక్కుంది.

చివరికి అక్కచెల్లెళ్ల మనసులు కలిశాయి అని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలిశాయో లేదో ఎవరికీ తెలియదు. పోట్లాట కొనసాగించడానికి చెల్లెలికి ఓపిక అయిపోయింది, అంతే. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. మగతలోకి వెళ్లేముందు ఒకసారి అక్క చెయ్యి తోసేసింది, ఇంకోసారి పట్టుకుంది. రెండింటికీ అర్థాలు వెతకనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం, భర్త మందుల దుకాణానికి వెళ్లినప్పుడు పోయింది.

అంతా అయ్యాక, ఇల్లు ఖాళీ అయ్యాక, లిఫ్టు మెకానిక్ వదినగారిని కూర్చోమన్నాడు. అప్పటిదాకా ఎక్కువ మాట్లాడని మనిషి.

“తప్పు ఎవరిది వదినా? సర్జన్‌దా, మీదా? నాకు తెలియాలి. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో నాకు తెలియాలి.”

“అది చెప్పాలంటే ఇంకో మనిషి కావాలి బాబూ. అచ్చం దానిలాంటిదే. అదే ఒళ్లు, అదే జబ్బు, అదే ఆపరేషన్, ఆ మాత్ర వేసుకున్న మనిషి. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మనకున్నది మీ ఆవిడ ఒక్కతే.”

“కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మీరు ఇన్నేళ్లుగా ఎలుకల్ని తవ్వి ఏం పట్టారు?”

జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది. లిఫ్టు సీటుకి వెల్డింగు చేసిన కాళ్లు ఊడదీసి, సీటు మోసుకుని కిందకి వెళ్లిపోయాడు.

తర్వాత ఆవిడ సర్జన్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపిగ్గా విన్నాడు, ఫోటోలు చూశాడు. “మేడమ్, ఆ మందిచ్చి, అతికించిన కండ కింద రక్తం కారితే కేసు నా మీద పడుతుంది. ఎలుకల్ని చూసి మనుషులకి మందు మార్చలేను. మనుషుల మీద పరీక్ష చేయించి తీసుకురండి, రేపే మారుస్తాను” అన్నాడు. ఆయన్ని విలన్ని చేయాలని చాలామందికి ఉంటుంది. కానీ ఆయన చెప్పింది సరైన మాట. అదే మాట ఆవిడ తన విద్యార్థులకి ఎన్నోసార్లు చెప్పింది. ఎలుకని చూసి మనిషికి మందుచీటీ రాయకూడదని.

మనుషుల మీద పరీక్ష అంటే వందలమంది ఆడవాళ్లు, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండటం. ఆ మాత్ర పాతది, మూలనున్న కొట్లో కూడా దొరుకుతుంది, దాని మీద ఏ కంపెనీకీ లాభం లేదు. ఆమె పెట్టిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. రెండోసారి ‘ఇదే పరిశోధకురాలు గతంలో ఈ ఫలితాన్ని ఖండించి ఉన్నారు’ అని రాశారు. అదీ నిజమే. మూడో వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చింది. అందులో మొదటి పేరాలోనే, రెండో వ్యాసంలో జరిగిన పొరపాటు తనదేనని, నొప్పి మందు రెండువైపులా పోయమన్నది తానేనని రాసింది. కొందరు ఆ నిజాయితీని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆమె వాటికి జవాబివ్వలేదు. మెచ్చుకోవడానికి అందులో ఏముందో ఆమెకి అర్థం కాలేదు.

ఇప్పుడు మూడోసారి దరఖాస్తు రాస్తోంది. వచ్చే ఏడాది పదవీ విరమణ. ఆలోపు ఏదైనా ఆస్పత్రి ఒప్పుకోకపోతే, ఆమె అల్మారాలోని ఫోటోలు ఎవరికి అప్పగించాలో కూడా ఇంకా తేలలేదు. సెమినార్లలో ఇప్పుడు కళ్లు మూసుకోవడం లేదని విద్యార్థులు చెబుతున్నారు. చివరిదాకా కళ్లు తెరుచుకునే కూర్చుంటుందట. ఎవరైనా ‘రెండు గుంపులకీ ఒకేలా ఇచ్చాం’ అంటే చాలు, చెయ్యెత్తి, ఏం ఇచ్చారో అన్నీ చదివి వినిపించమంటుందట. పొట్టు దగ్గర్నుంచీ. వక్తలు విసుక్కుంటారు. ఆమె ఆగదు.

మూడో విడతకి గ్రాంటు లేదు కాబట్టి ఎలుకల బోనుల అద్దె సంస్థ ఆమె పేరు మీదే రాసింది. ఆ అద్దెలో మూడో వంతు ఆమె జీతంలోంచి కోసుకున్నారు. మిగతాది, దగ్గర దగ్గర రెండు నెలల జీతమంత, ఆమె ఇంకా కట్టాలి.